పింజె చూసే వేళ్లు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే పొద్దుటి బస్సులో నాకొక సీటు ఉంది. డ్రైవరు వెనక రెండోది, కిటికీ పక్కన. ఇరవై ఏళ్లుగా అదే బస్సు, అదే సీటు కాబట్టి తెలిసినవాళ్లెవరూ అందులో కూర్చోరు. తెలియనివాళ్లు కూర్చున్నా నా మొహం చూసి లేస్తారు. మొన్న సోమవారం ఒక రైతు మాత్రం లేవలేదు. ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని, అందులోంచి రవ్వంత పత్తి తీసి రెండు చేతులతో లాగి చూసుకుంటున్నాడు. మార్కెట్ యార్డుకు సరుకు తోలకముందు మచ్చు చూపించడానికి పోతున్నాడని తెలుస్తూనే ఉంది. చేసేదేమీ లేక పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన ఆ పత్తిని కోడి ఈకలు పీకినట్టు పీకుతున్నాడు. కాసేపు ఓర్చుకున్నాను, తర్వాత నా వల్ల కాలేదు.

“అట్ల కాదప్పా. రెండు బొటనేళ్లూ దగ్గిర పెట్టుకోని మెల్లగ లాగాల.”

“నీకెట్ల దెలుసమ్మా?”

“ఆదోనిలో ఒకాయన నేర్పిచ్చినాడు.”

“ఎవురు, వేళ్లతోనే పింజె పొడుగు సెప్పేటాయనా? ఆయన పోయినాడు గదమ్మా. పదైదు దినాలైంది.” అలా అనేసి, నేను చెప్పినట్టే వేళ్లు దగ్గర పెట్టుకుని మళ్లీ లాగాడు. “ఆ, ఇప్పుడు వచ్చాండాది సూడు,” అన్నాడు సంతోషంగా.

పదిహేను రోజులు. మా ల్యాబుకూ ఆయన ఇంటికీ మధ్య నడిచిపోయేంత దూరం. నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నేనాయనకు ఏమవుతానని? చుట్టాన్ని కాదు, కులం కాదు, పక్కింటిదాన్ని కూడా కాదు. నెలకోసారి ఆయన రక్తం తీసిన మనిషిని. బస్టాండు వచ్చేదాకా ఆ రైతు చేతులకేసే చూస్తూ కూర్చున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఏళ్ల తరబడి తన పేరు నా పుస్తకంలో పడకూడదని పట్టుబట్టిన మనిషి. పోయాక రాసేస్తే నాకే బాగుండదు.

నేను పనిచేసేది యార్డుకు ఎదురుగా ఉన్న రోడ్డులో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో. పత్తి కాలంలో మా మెట్ల మీద, కుర్చీల కింద, సూదుల డబ్బాల మీద కూడా దూది పోగులు ఎగురుతుంటాయి. రోజుకు రెండుసార్లు ఊడుస్తాను, రెండుసార్లూ తిట్టుకుంటాను. ఆ దూదిని తిట్టుకోని మనిషిని ఒక్కణ్ణే చూశాను. రక్తం ఇవ్వడానికి వచ్చి కూర్చుని, చొక్కాకు అంటుకున్న పోగును కూడా తీసి, లాగి చూసి, అది ఏ వైపు నుంచి వచ్చిన పత్తో చెప్పేవాడు. “ఇది కోసిగి తట్టుది. నీళ్లు సాలల్యా దీనికి, పాపం,” అనేవాడు. పోగు మీద కూడా అంత జాలి.

యార్డులో ఒక సేటు మండీలో ఆయన పింజె, అంటే పత్తి పోగు పొడుగు, చూసేవాడు. పత్తి కుప్పలోంచి పిడికెడు తీసి, నలిపి తేమ చూసి, అందులోంచి రెండు గింజల పత్తి తీసుకునేవాడు. దాన్ని రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య పెట్టి లాగి, పోగులన్నీ ఒక వరసలోకి వచ్చేదాకా సర్ది, ఆ పొడుగు ఇంత అని మిల్లీమీటర్లలో చెప్పేవాడు. తర్వాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తటుక్కున తెంపేవాడు. ఆ చప్పుడును బట్టి గట్టిదా, మెత్తదా అని. మచ్చును మిషనుకు పంపితే రెండు రోజులకు వచ్చే అంకె, ఆయన నోట్లో నిమిషంలో ఉండేది. సేటు కొనేది ఆ అంకె మీదే. రైతులు కూడా వేలం కాకముందే చాటుగా ఒక పిడికెడు తెచ్చి, “అన్నా, రవ్వంత పట్టి సూడు” అని ఆయన ముందు నిలబడేవాళ్లు. సేటు మనిషే అయినా రైతుకు ఒక అంకె, సేటుకు ఒక అంకె ఎన్నడూ చెప్పలేదట. ఇది ఆయన చెప్పింది కాదు, దేవనకొండ రైతులు మా ల్యాబులో కూర్చుని చెప్పుకునే మాట.

ఆ నాలుగు వేళ్ల కోసం ఆయన పడిన పాట్లు చూస్తే నవ్వొచ్చేది. బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెంచాతో తినేవాడు. ఆదోనిలో ఉగ్గాని చెంచాతో తినే మగమనిషిని హోటల్లో అందరూ తిరిగి చూస్తారు. చూడనీ అనేవాడు. కారం తగిలితే వేళ్లు మండి, ఆ పూటంతా పింజె తెలియదట. టీ గ్లాసు ఎడమ చేత్తో, అదీ పైట కొంగు లాగా తువ్వాలు చుట్టి పట్టుకునేవాడు. బ్లేడు ముట్టడు, కొబ్బరికాయ కొట్టడు, ఎవరితోనూ చెయ్యి కలపడు. ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా కోడలే కొట్టాలి. “మా మామ సేతులు దేవుని పటం మాదిరి, సూసేకే గాని పనికి రావు,” అని ఆమె ఒకసారి నాతో అంది. ఆయన అక్కడే ఉండి, అవునన్నట్టు తలూపాడు.

మొదటిసారి ల్యాబుకు వచ్చినప్పుడు కూడా అదే గొడవ. షుగరు చూడాలని ఎవరో డాక్టరు రాసిచ్చాడు. నేను అలవాటుకొద్దీ వేలు పట్టుకోబోయాను. చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

“వేలు అడగొద్దు తల్లీ. మోచేతి కాడ ఎంత గావాలంటే అంత తీసుకో. కుండెడు తీసుకో. వేలికి మాత్రం సూది వొద్దు.”

“రవ్వంత చుక్క అన్నా. చీమ కుట్టినట్ట ఉంటాది.”

“నీకు చీమ. నాకు కూడు.”

నరంలోంచే తీశాను. షుగరు మూడు వందల చిల్లర ఉంది. రిపోర్టు మీద పేరు రాయబోతే మళ్లీ ఆపాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

“నా పేరు రాయొద్దు. ఏదో ఒగ పేరు రాయి.”

ఎందుకని అడిగాను. యార్డులో ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుందని, షుగరు వచ్చినవాడి వేళ్లు మొద్దుబారిపోతాయని అక్కడ అందరికీ నమ్మకమని చెప్పాడు. తనకంటే ముందు ఆ మండీలో పింజె చూసినాయన అలాగే పోయాడట. షుగరని తెలిసిన మరునాటి నుంచి ఆయన చెప్పిన అంకెను ఎవరూ నమ్మలేదట. వేళ్లు బాగానే ఉన్నా నమ్మలేదు. “వేళ్లు పోతే పోనీ గాని, పోకముందే పోయినాయంటే ఎట్ల తల్లీ?” అన్నాడు.

నాకు జాలేసింది. జాలి వేసినప్పుడు నేను చేసే పనులన్నీ తప్పుడు పనులే. అప్పటికి పెన్ను కాగితం మీదే ఉంది, మొదట తోచిన పేరు మా నాన్నది, అదే రాసేశాను. మా నాన్న పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఐదేళ్లపాటు నెలనెలా మా నాన్న షుగరు పెరుగుతూ తగ్గుతూ ఉంది. రిపోర్టులు ఆయన ఇంటికి తీసుకుపోయేవాడు కాదు. నా సొరుగులోనే ఉండేవి. “ఎవురికీ సెప్పొద్దు. నీ నోటి మీద నా బతుకు పెట్టినా,” అన్నాడు. సరేనన్నాను. నాకు ఆ మాట గర్వంగా కూడా ఉండింది.

మాత్రలు వేసుకునేవాడు, వేసుకోని రోజులు కూడా ఉండేవి. మండీలో జేబులోంచి మాత్ర తీస్తే చూస్తారని మధ్యాహ్నం మాత్ర మానేశాడు. యార్డులో పొద్దుటి నుంచి ఆరేడు టీలు వస్తాయి, అన్నీ పాకం లాంటివే. చక్కెర లేని టీ అడిగితే తెలిసిపోతుందని అన్నీ తాగేవాడు. ఒకసారి నా దగ్గర నిలబడి, “ఈ పొద్దు లడ్డు పంచిరి, రెండు తినాల్సొచ్చె,” అని దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పాడు. ఒకటి తింటే చాలదా అన్నాను. ఎప్పుడూ రెండు తినేవాణ్ణి ఒకటి తింటే అడగరా అన్నాడు. ఇలాంటి మనిషికి ఏం చెప్తాం? తిట్టాను. తిట్లు బాగా తినేవాడు, వాటిలో చక్కెర ఉండదు గదా అని ఆయనే అనేవాడు.

ఒకరోజు ఒక కాలికే చెప్పుతో వచ్చాడు. రెండోది ఎక్కడో జారిపోయింది, ఆయనకు తెలియదు. రైల్వే గేటు దగ్గర నుంచి అలాగే నడిచి వచ్చానని, దారిలో ఎవరో నవ్వితే అప్పుడు చూసుకున్నానని నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేదు. కాళ్లకు స్పర్శ పోతోందంటే తర్వాత చేతులదే వంతు అని చెప్పాను. వెంటనే నా బల్ల మీద ఉన్న దూదిలోంచి ఒక పోగు లాగి, కళ్లు మూసుకుని తడిమి, “వేళ్లు బాగుండాయి” అన్నాడు. ఆ మాట నాకు కాదు, తనకే చెప్పుకున్నాడు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం ఆయనకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రుల్లో మంచాలు దొరకని రోజులు. ఫోన్లో చూసే డాక్టరు ఒకాయన మందులు రాశాడు, వాటిలో స్టెరాయిడ్ మాత్రలు ఉన్నాయి. ఊపిరితిత్తుల వాపుకు అవి కావలసిందే. కానీ అవి వేసుకుంటే షుగరు లేచి కూర్చుంటుంది, షుగరు లేస్తే కరోనాకు ఒంట్లో అడ్డం ఉండదు. అందుకే డాక్టర్లు ముందుగా అడిగేది అదే. ఈ డాక్టరు కూడా అడిగాడు. మేడ మీద గదిలో ఒక్కడే పడుకుని ఉన్న మనిషి ఫోన్లో, “షుగరా? నాకా? లేదు సామీ,” అన్నాడట.

ఉందంటే పొద్దుటికీ సాయంత్రానికీ వేలికి సూది గుచ్చుతారు. ఆక్సిజన్ చూసే క్లిప్పు మాత్రం వేలికి పెట్టుకుని, “ఇది మంచి మిషను, గుచ్చదు,” అని మెచ్చుకున్నాడట. కోడలే తర్వాత చెప్పింది.

ఇంట్లోవాళ్లు ఆయన్ను బాగా చూసుకున్నారు. అదే ఘోరం. బలం కావాలని గ్లూకోజు నీళ్లు, బత్తాయి రసం, ఖర్జూరాలు, మిరియాల కషాయంలో బెల్లం, పొద్దున తేనె. కోడలు గడప దగ్గర పెట్టి పోయేది. ఆయన అన్నీ తాగాడు. ఒక్క గ్లాసు మిగిల్చినా ఎందుకని అడుగుతారని తాగాడు. మామ ఇంత బాగా తింటున్నాడు, తొందరగా కోలుకుంటాడని ఆ పిల్ల సంబరపడింది.

ఐదో రోజు ఆమె నాకు ఫోన్ చేసింది.

“అక్కా, డాక్టరు మల్లా అడుగుతాండాడు, మామకి షుగర్ ఏమన్నా ఉండాదా అని. ఆయనేమో లేదంటాండాడు. మీ ల్యాబుకి అప్పుడప్పుడు వస్తాంటాడు గదా, మీకేమన్నా దెలుసునా?”

సొరుగు నా మోకాలికి తగులుతోంది. అందులో మా నాన్న పేరుతో ఐదేళ్ల కాగితాలు.

“యార్డుకొచ్చేటోళ్లందరూ ఈడ కూసోని పోతాంటారమ్మా,” అన్నాను. “ఆయన్నే అడుగు.”

“అడిగినా అక్కా. లేదంటాడు.”

“ఐతే ఆయనకే దెలిసుంటాది.”

ఆమె సరే అక్కా అని పెట్టేసింది. నా మాటను అబద్ధం అనడానికి కూడా లేదు, అంత తెలివిగా చెప్పాను. ఆ రోజు ల్యాబు ముందు జనం వరసలో నిలబడి ఉన్నారు. ముక్కుకు, మూతికి గుడ్డ కట్టుకుని సాయంత్రం దాకా రక్తాలు తీశాను. ప్రతి మోచెయ్యీ ఆయనదే అనిపించింది. మరునాడు ఫోన్ చేద్దామనుకున్నాను. మరునాడు చేయలేదు. దాని మరునాడూ చేయలేదు. తనే చెప్పుకుంటాడులే, ఊపిరి ఆడకపోతే భయపడి చెప్పడా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాలుగో రోజు నరం తప్పి ఒక ముసలామెకు రెండుసార్లు గుచ్చాను. అప్పుడు బయటికి వచ్చి ఫోన్ చేసి, “మీ మామకి షుగరుండాది. ఐదేండ్లుగా ఉండాది. ఇప్పుడే డాక్టరుకి సెప్పు,” అన్నాను. ఆమె ఒక్క మాట కూడా తిట్టలేదు. “పొద్దున్నుంచి మత్తుగా ఉండాడక్కా. పిలిస్తే పలకల్యా,” అని ఏడ్చింది.

ఆసుపత్రిలో షుగరు చూసే మిషను అంకె చూపించలేదట. అది లెక్కపెట్టగలిగినంత కంటే ఎక్కువ ఉంది. అక్కడ ఆయన వేళ్లు ఆయనవి కావు. గంటగంటకూ గుచ్చారు. ఆయనకు తెలివి లేదు కాబట్టి వద్దనలేదు. ఇన్సులిన్, ఆక్సిజన్, మళ్లీ సూది. పక్క మంచాల మీద షుగరు లేని వాళ్లు వారానికో పది రోజులకో లేచి ఇంటికి పోయారు. ఆయన నలభై రోజులున్నాడు. బతికి బయటపడ్డాడు. ఇంటికి తెచ్చాక కూడా మెట్లు ఎక్కలేక కింద గదిలోనే మంచం వేశారు. నాలుగు అడుగులకు ఆయాసం, దానికి తోడు తగ్గని షుగరు.

లేచి తిరగగలిగిన మొదటి రోజే మా ల్యాబుకు వచ్చాడు. కర్ర పట్టుకుని, మనిషి సగమై. జేబులోంచి ఒక పాలిథిన్ కవరు తీశాడు. దాన్నిండా పత్తి. నా ముందు కూర్చుని, ఒక గింజ పత్తి తీసి, పాత పద్ధతిలోనే లాగి సర్దాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

“ఇరవై తొమ్మిది,” అన్నాడు.

సొరుగులోంచి స్కేలు తీసి పెట్టి చూశాను. ఇరవై ఐదు.

“రిపోర్టులు రాసే స్కేలు, అదేం స్కేలు,” అన్నాడు. ఇంకొకటి లాగాడు. ఇరవై నాలుగన్నాడు. ముప్పై ఉంది. ఈసారి స్కేలును ఏమీ అనలేదు. వేళ్లను ప్యాంటుకు తుడుచుకున్నాడు. “తొడుగులేసుకోని పట్టుకున్నట్ట ఉండాది తల్లీ,” అన్నాడు. “తీసేద్దామంటే రాల్యా.”

అప్పటినుంచి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. నేను చేతులు కడుక్కుని, పనులు పక్కన పెట్టి, స్కేలు పట్టుకుని కూర్చునేదాన్ని. నాకు పింజె లాగడం నేర్పింది అప్పుడే. తన వేళ్లు చెప్పనిది నా వేళ్లతో చెప్పించుకోవాలని చూశాడు. బొటనవేళ్లు దగ్గర పెట్టు, ఊపిరి బిగబట్టొద్దు, లాగినట్టు దానికి తెలియకూడదు అనేవాడు. నాకు రెండు నెలలకు కొంచెం వచ్చింది. ఆయనకు రాలేదు. వేడినీళ్లలో పెట్టాడు, నూనె మర్దన చేయించుకున్నాడు, నరాల మాత్రలు వేసుకున్నాడు. ఇప్పుడు మాత్రలు ఒక్కటి కూడా మానలేదు, చక్కెర ముట్టలేదు. ఇంత బుద్ధిగా ఉండే షుగరు పేషెంటును నేను చూడలేదు. ఏం లాభం? నరాల డాక్టరు ఇది పాత షుగరుదా, కరోనాదా, మందులతో లేచిన షుగరుదా, ఏది ఎంత అని విడదీసి చెప్పలేనన్నాడు. తిరిగి వస్తుందా అంటే చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో నా ఉద్యోగంలో నాకు తెలుసు.

దసరా దాటాక కొత్త పత్తి వచ్చింది. సేటు మంచివాడు, పొమ్మనలేదు. పొమ్మంటే బాగుండేది. ఆయన కుర్చీ ఆయనకే ఉంచాడు. ఆ నెల రక్తం ఇవ్వడానికి రాలేదని నేనే సామాను తీసుకుని యార్డుకు పోయాను. అప్పుడు చూశాను ఆ సంగతి.

దేవనకొండ రైతు ఒకాయన, ఎప్పటినుంచో తెలిసినవాడు, కుప్పలోంచి పిడికెడు తెచ్చి ఇచ్చాడు. ఈయన నలిపాడు, లాగాడు, చెవి దగ్గర పెట్టి తెంపాడు. వేళ్లు తప్ప అన్నీ పాత మాదిరే. కంటితో చూసి, అలవాటుతో, “ఇరవై తొమ్మిది. బాగుండాదప్పా,” అన్నాడు. రైతు దండం పెట్టి, “నువ్వు సెప్పినాక ఇంగేముండాదన్నా,” అన్నాడు. అని కుప్పల వెనక్కి తిరిగి పోయి, అదే పిడికెడును ఇంకో మండీలో పింజె చూసేవాడి చేతిలో పెట్టాడు. కుప్ప ఎత్తుగా ఉంది కాబట్టి కనపడదనుకున్నాడు. మాకిద్దరికీ కనపడింది. సేటు గుమాస్తా కూడా ఈయన చెప్పిన అంకెను అవునవునని విని, మచ్చును కాగితంలో చుట్టి మిషనుకు పంపించాడు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు.

ఆయన కుర్చీలోనే కుడిచెయ్యి నా వైపు చాచాడు. “రక్తానికి వచ్చినావు గదా. వేల్లోనే తీసుకో,” అన్నాడు.

“నరంలో తీస్తాలే అన్నా.”

“తీసుకో తల్లీ. దేనికి దాసిపెట్టాల ఇంగ?”

చూపుడువేలి కొసన గుచ్చాను. చుక్క వచ్చింది, స్ట్రిప్పుకు అంటించాను. ఆయన యార్డు గేటు వైపు చూస్తూ ఉన్నాడు. కాసేపటికి, “ఎంతసేపు? గుచ్చు మరి,” అన్నాడు. నేను దూది పెట్టి అదిమి పట్టుకున్నాను. తల తిప్పి దూది మీద ఎరుపు చూసి తనే తెలుసుకున్నాడు. ఆ మరునాటి నుంచి యార్డుకు పోలేదు.

తర్వాత మూడేళ్లు ఇంట్లోనే. వీధి అరుగు మీద కూర్చునేవాడు. పత్తి బండ్లు పోతుంటే మొహం లోపలికి తిప్పుకునేవాడు. ఇంట్లో పరుపుల్లోంచి, దిండ్లలోంచి దూది ఊడివస్తే కోడలు వెంటనే తీసేసేది. ఉగ్గాని చేత్తోనే తినేవాడు, వేడి తెలియక బొబ్బలు తెచ్చుకునేవాడు. కిందటేడు కాలికి పుండు లేచింది. అది మానలేదు. రెండు వేళ్లు తీసేశారు. కాలి వేళ్లు గదా, వాటితో ఏం పని అన్నాడు. ప్రతి నెలా నేనే ఇంటికి పోయి రక్తం తీసేదాన్ని. ఇప్పుడు రిపోర్టు మీద ఆయన పేరే ఉండేది.

ఈ ఏడాది ఉగాదికి ముందు ఒకరోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ ఫోన్ సంగతి చెప్పాను. మీ కోడలు ఐదో రోజే అడిగింది, నేను తెలియదన్నట్టు మాట్లాడాను, నాలుగు రోజులు ఆలస్యం చేశాను అని చెప్పాను. ఆ నాలుగు రోజుల ముందు చెప్పి ఉంటే వేళ్లు నిలిచేవని ఏ డాక్టరూ నాతో అనలేదు. నిలిచేవి కావని కూడా అనలేదు. ఇదంతా ఏడుస్తూనే చెప్పాను. నేను ఏడిస్తే చూడటానికి బాగుండదు, ఆయన మాత్రం తల తిప్పుకోకుండా విన్నాడు.

“ఏడుస్తాండావెందుకు? నువ్వు అప్పుడే సెప్పింటే నేను సచ్చేదాకా నీతో మాట్లాడేటోణ్ణి కాదు,” అన్నాడు. “నా యాభై ఏండ్ల బతుకులో సేటు నమ్మిందీ, రైతులు నమ్మిందీ నా వేళ్లని. నన్ను నమ్మి మాట నిలబెట్టుకునింది నువ్వొక్కదానివే. నువ్వు మంచిదానివి తల్లీ.”

నేను కళ్లు తుడుచుకున్నాను. చెప్పాల్సింది ఇంకా ఉంది. ఆ రోజు ఫోన్ పట్టుకుని నిలబడినప్పుడు ఆయనకిచ్చిన మాట నాకు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చింది సొరుగు. చచ్చిపోయిన మనిషి పేరుతో ఐదేళ్లు రిపోర్టులు రాశానని బయటపడితే నా ఉద్యోగం పోతుందని, పిల్లల చదువులని, ఎమ్మిగనూరులో తల ఎత్తుకోలేనని, అదే గుర్తొచ్చింది. నాలుగు రోజులు నన్ను ఆపింది ఆ భయమే. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నన్నే చూస్తున్నాడు, ఎన్నో నెలల తర్వాత ఆ మొహంలో కొంచెం నెమ్మది కనపడింది. మళ్లీ నెల వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను.

మళ్లీ నెల కూడా పోయాను, రక్తం తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాతి నెలలూ అంతే. నేను మంచిదాన్ననుకుంటూనే పోయాడు.